పాత చిన్న ట్రాక్టరు వైరింగు: బ్యాటరీ కొనే ముందు ఎర్త్ చూడండి



మామిడి తోటలో నవధాన్యాల పచ్చిరొట్టని తొక్కుకుంటూ పోయే మా పాత చిన్న ట్రాక్టరు వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "ఎనిమిదేళ్ళు మూలన పడున్న బండిని ఎలా లేపారు? మా దగ్గరా ఒకటుంది, సెల్ఫ్ కొట్టదు, లైట్లు వెలగవు" అని. నిజం చెప్పాలంటే ఇంజను నన్ను పెద్దగా ఏడిపించలేదు. ఏడిపించింది వైరింగే. దానిమీద అనవసరంగా పోసిన డబ్బు, పోగొట్టుకున్న రోజులు, గడ్డి బండికి అంటుకోబోయి ఆగిన మంట, అన్నీ దాచకుండా రాస్తున్నాను. చదివి మీరైనా ఆ తప్పులు చెయ్యకండి.

ఈ బండి మాకెందుకు

మాది విశాఖపట్నం వన్ టౌన్. ఇల్లు పాతూరులో, పొలం పద్మనాభం వైపు. మూడెకరాలు. రెండెకరాల మామిడి, ఎకరం కూరగాయలు, చిరుధాన్యాలు. నాలుగేళ్ళుగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం. 45 గుర్రాల పెద్ద ట్రాక్టరు దగ్గర దగ్గర రెండు టన్నుల బరువుంటుంది. అది రెండుసార్లు తిరిగితే నేల గట్టిపడిపోతుంది, వానపాములు చేసిన పనంతా పోతుంది. కొమ్మలు కిందికి వాలిన మామిడి చెట్ల మధ్య అది తిరగనూ లేదు. మా నాన్నగారి పాత బండి 18 గుర్రాలది, మూడు సిలిండర్ల డీజిలు, బరువు టన్ను లోపే. పచ్చిరొట్ట తొక్కించడానికి, ఘన జీవామృతం మోయడానికి, ఆచ్ఛాదన గడ్డి తేవడానికి మాకు సరిగ్గా సరిపోతుంది.

నాన్నగారికి ఒంట్లో బాగోలేక సేద్యం మానేశాక, పొలంలో కాపలా లేదని ఆ బండిని వన్ టౌన్ తీసుకొచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాం. అక్కడే ఎనిమిదేళ్ళు ఉండిపోయింది. మార్చి నెలాఖరులో బయటికి లాగాను. తొలకరికి ముందు పొడి నేలలో నవధాన్యాలు చల్లాలి, అదే మన పీఎండీఎస్. ఆ పని మేలో అయిపోవాలి. మావైపు జూన్ రెండో వారానికల్లా వానలు దిగుతాయి. కాబట్టి నా చేతిలో ఉన్నది రెండు నెలలు.

ఉప్పుగాలి ఏం చేస్తుంది

వన్ టౌన్ అంటే ఒక పక్క ఓడరేవు, ఒక పక్క ఫిషింగ్ హార్బరు. 1933లో ఓడరేవు తెరిచిన దగ్గర్నుంచీ ఈ పాతూరు ఇనుముతోటీ ఉప్పుతోటీ కలిసే బతుకుతోంది. ఇక్కడ కిటికీ ఊచలు రెండేళ్ళకోసారి రంగు వేయకపోతే పొరలు పొరలుగా ఊడతాయి. గాలిలో ఉన్న ఉప్పు లోహం మీద కూర్చుంటుంది, గాలిలోని తేమని తనే లాక్కుంటుంది. ఇనుముకైతే తుప్పు, రాగికైతే పచ్చటి కిలుం.

రాగి చెంబుకి కిలుం పడితే కంటికి కనిపిస్తుంది. వైరుకి పడితే కనిపించదు. పైన ప్లాస్టిక్ తొడుగు కొత్తదిలా నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల తీగలు నల్లబడి, పొడి పొడిగా ఉంటాయి. ముఖ్యంగా లగ్గు దగ్గర, అతుకు దగ్గర. సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళకే కాదు. కోళ్ళ ఎరువు, పశువుల మూత్రం ఉండే పాకలో బండి పెట్టే వాళ్ళకీ ఇదే సమస్య. పాకలో ఉండే అమ్మోనియా ఆవిరి కూడా రాగిని తింటుంది. జీవామృతం డ్రమ్ముల పక్కనే ట్రాక్టరు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆలోచించండి.

నేను చేసిన మొదటి తప్పు

బండి కడిగాను. తుప్పు గీకించాను. ఛాసిస్‌కి, ఇంజను బాడీకి రెండు కోట్లు రంగు కొట్టించాను. డీజిలు ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, వేరే బండితో లాగించి గేరులో వదిలితే ఇంజను అందుకుంది. నాన్నగారు వరండాలో కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఏమీ అనలేదు, కళ్ళు తుడుచుకున్నారు.

కానీ సెల్ఫ్ మాత్రం తిరగదు. కీ తిప్పితే 'టిక్'. మళ్ళీ తిప్పితే 'టిక్'. అంతే.

బ్యాటరీ పాతదనుకుని కొత్తది కొన్నాను. 5,800 రూపాయలు. టిక్. సెల్ఫ్ మోటారు పోయిందనుకుని విప్పించి బుష్‌లు, కార్బన్‌లు మార్పించాను. 2,600. మళ్ళీ టిక్. సోలెనాయిడ్ మార్చమన్నారు ఒకరు. కీ స్విచ్చి అన్నారు ఇంకొకరు. ఆకు పసుపు పడగానే ఎవరు ఏ డబ్బా చెబితే అది కొట్టేవాళ్ళం కదా ఒకప్పుడు, అచ్చం అదే పని మళ్ళీ చేశాను.

చివరికి మావయ్య గుర్తొచ్చాడు. అమ్మకి అన్నయ్య. హార్బరులో బోట్లకి కరెంటు పని ముప్పై ఏళ్ళు చేశాడు. ఫోను చేస్తే ఒక మీటరు, ఒక పాత బల్బు సంచిలో వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు.

"బేటరీ కొత్తదా? సెల్ఫ్ కూడా విప్పించీసినావా? ఏటి కొలిసి మార్సినావురా?" అన్నాడు.

నేనేం కొలవలేదు. అదే చెప్పాను.

మావయ్య చేసిన పరీక్ష

ఇది ఎవరైనా చెయ్యొచ్చు. ఐదారు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు చాలు. గేరు న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్ బ్రేకు వెయ్యండి, ఇంజను అందుకోకుండా స్టాప్ నాబు లాగి పట్టండి. కీ తిప్పడానికి ఒక మనిషి, మీటరు చూడటానికి ఒక మనిషి. మీటరు డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టుకోండి.

1. బ్యాటరీ రెండు పోల్స్ మీద మీటరు పెట్టండి. ఏమీ వాడకుండా ఉన్నప్పుడు 12.6 చూపిస్తే నిండా ఛార్జి ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందికి ఉంటే ముందు ఛార్జి చెయ్యండి, అప్పటిదాకా ఏ పరీక్షా వద్దు. మాది 12.6.

2. మీటరు అలాగే ఉంచి కీ తిప్పండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు పదికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలం లేనిది. మాది 12.1 దగ్గరే ఆగింది. మావయ్య నవ్వాడు. "సూసినావా, బేటరీ మీద బరువే పడలేదు. దారిలో ఎవడో అడ్డుకుంటన్నాడు."

3. ఇప్పుడు ప్లస్ దారి. మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ పోలు మీద, నల్ల ముల్లు సెల్ఫ్ మీదుండే లావు బోల్టు మీద. కీ తిప్పండి. 0.5 వోల్టు లోపు ఉంటే దారి బాగున్నట్టే. మాది 0.3.

4. ఇక మైనస్ దారి, అంటే ఎర్త్. నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ పోలు మీద, ఎర్ర ముల్లు ఇంజను బాడీ మీద, రంగు లేని చోట. కీ తిప్పండి. 0.2 లేదా 0.3 వోల్టు మించకూడదు. మాది 5.8.

అంటే 12.1 వోల్టుల్లో 5.8 ఎర్త్ దారిలోనే పోతోంది, 0.3 ప్లస్ దారిలో. సెల్ఫ్‌కి మిగిలింది 6. ఆరు వోల్టులతో సోలెనాయిడ్ టిక్ మంటుంది గానీ మోటారు తిరగదు.

ముల్లు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. క్లాంపు మీద కాదు, బ్యాటరీ సీసం పోలు మీదే పెట్టాలి. క్లాంపుకీ పోలుకీ మధ్య తెల్లటి పొడి పట్టి ఉంటే ఆ తేడా కూడా మీటరులో తెలియాలి కదా.

మీటరు లేనివాళ్ళకి ఇంకో దారి. లావుపాటి జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస నేరుగా ఇంజను బాడీ మీద శుభ్రమైన బోల్టుకి పెట్టి కీ తిప్పండి. సెల్ఫ్ తిరిగిందంటే దొంగ ఎర్త్‌లోనే ఉన్నాడు. మా బండి అప్పుడు ఒక్క దెబ్బకి తిరిగింది.

దొంగ ఎవరు? నేను కొట్టించిన రంగు

ఎర్త్ కేబుల్ విప్పి చూస్తే, ఛాసిస్ మీద లగ్గు కూర్చునే చోట నిగనిగలాడే కొత్త రంగు. రెండు కోట్లు. దాని మీద లగ్గు పెట్టి బోల్టు బిగించేశాను. రంగు కరెంటుని వెళ్ళనివ్వదు. బోల్టు మరల దగ్గర మాత్రం కాస్త ఇనుము తగులుతోంది, టిక్ మనడానికి సరిపడా. లగ్గు లోపల కేబుల్ తీగలేమో కిలుం పట్టి పచ్చగా ఉన్నాయి.

లెక్క చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 150 ని 0.01 తో గుణిస్తే 1.5 వోల్టులు అక్కడే పోతాయి. నూరో వంతు ఓమ్‌ని మామూలు మీటరు చూపించలేదు. అందుకే కేబుల్ విప్పి కంటిన్యూటీ పెట్టి 'బీప్ వచ్చింది, కేబుల్ బాగుంది' అనుకోవడం మోసం. ఒక్క తీగ మిగిలినా బీప్ వస్తుంది. బరువు మోస్తున్నప్పుడు కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

బాగుచేసిన తీరు ఇది:

- ముందు బ్యాటరీ మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. పెట్టేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరుస తప్పితే పానా బాడీకి తగిలి మెరుపు వస్తుంది. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకుంటుంది.
- పోల్స్ మీది తెల్ల పొడిని వంట సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఎమరీ పేపరుతో రుద్దాలి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు.
- లగ్గు కూర్చునే చోట లగ్గంత మేర రంగు గీకేసి ఇనుము మెరిసేలా చెయ్యాలి. బోల్టు కింద పళ్ళ వాషరు పెట్టాలి. బిగించాక పైన గ్రీజు గానీ వాసెలిన్ గానీ రాయాలి.
- ఛాసిస్‌కి ఒక ఎర్త్, అక్కడి నుంచి ఇంజనుకి ఇంకో ఎర్త్ వెయ్యాలి. 35 స్క్వేర్ ఎం.ఎం. కేబుల్.
- కిలుం పట్టిన తీగని చింతపండుతో తోమకండి. చెంబుకి బాగానే ఉంటుంది, వైరులో ఆ పులుపు లోపల నిలిచిపోయి మళ్ళీ తింటుంది. పాడైనంత మేర కోసేసి కొత్త లగ్గు వెయ్యండి.

ఇంకో మాట. పాత ఇంగ్లండు బండ్లలో కొన్నిటికి ప్లస్సే ఎర్త్. అలాంటి బండి మీ దగ్గరుంటే బ్యాటరీ తగిలించే ముందు అది చూసుకోండి.

మొత్తం ఖర్చు 450 రూపాయలు. అంతకుముందు 8,400 పోశాను.

రెండో తప్పు: ఫ్యూజు చోట రాగి తీగ

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా రాయాలి.

సెల్ఫ్ తిరిగిందన్న సంబరంలో బండిని వ్యాను ఎక్కించి పొలానికి తీసుకెళ్ళిపోయాను. మిగతా వైరింగు కూడా చూద్దాం, ఆగమన్నాడు మావయ్య. రోజులు గడిచిపోతున్నాయని నేను వినలేదు. పొలంలో హెడ్‌లైట్ ఫ్యూజు పోయింది. కొత్తది వేశాను, పోయింది. ఇంకోటి, అదీ పోయింది. ఊళ్ళో దుకాణం మూసేశారు. ఇంటి వైరింగు ముక్కలోంచి రాగి తీగలు నాలుగు తీసి ఫ్యూజు చోట చుట్టేశాను. లైట్లు వెలిగాయి.

మే మొదటి వారం. చీకటి పడుతుండగా ఎండుగడ్డి తొట్టిలో నింపుకుని రోడ్డు పక్క నుంచి తోటకి వస్తున్నాను. లైట్లు ఒకసారి రెపరెపలాడాయి. రబ్బరు కాలిన వాసన. మీటర్ల పలక వెనక నుంచి పొగ. కీ ఆపేశాను. ఇంజను స్టాప్ లాగాను. పొగ ఆగలేదు, ఎందుకంటే ఆ బండిలో హెడ్‌లైట్ కరెంటు కీ గుండా రాదు, నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీ క్లాంపు విప్పడానికి 13 పానా కావాలి. అది వన్ టౌన్ ఇంట్లో ఉండిపోయింది. సీటుకి వెనక నాలుగడుగుల్లో ఎండుగడ్డి.

మాతో పనికొచ్చే అక్క తొట్టి మీంచి దూకి, రోడ్డు పక్క మట్టి దోసిళ్ళతో తీసి పలక మీద పోసింది. నేను రాయి తీసుకుని మైనస్ క్లాంపుని కింద నుంచి నాలుగు దెబ్బలు కొట్టాను. ఊడింది. పొగ ఆగింది. నా అరచెయ్యి కాలింది, అంతే. ఆ అక్క ఏమీ జరగనట్టు చీర దులుపుకుని, "బాబూ, గడ్డి నేను మోసుకెల్తాను, ఈ బండి ఇంక రాత్రి పూట తియ్యకు" అంది.

ఫ్యూజు అన్నది లైటుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. ఫ్యూజు పోతోందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అది చెబుతోంది. దాని నోరు నేను మూసేశాను. 12 వోల్టులు మనిషికి షాకు కొట్టదని మనకి దానిమీద భయం ఉండదు. కానీ బ్యాటరీ షార్టయితే సన్న వైరులో వంద ఆంపియర్లకి పైనే పోతుంది, వైరు ఎర్రగా కాలుతుంది. ప్రకృతి వ్యవసాయంలో మన చుట్టూ ఉండేదంతా ఎండుగడ్డి, ఆకులు, ఆచ్ఛాదనే. మనకి ఈ జాగ్రత్త రెండింతలు కావాలి.

షార్టుని బల్బుతో పట్టడం

మర్నాడు మావయ్యే పొలానికి వచ్చాడు. తిట్టలేదు. సంచిలోంచి పాత హెడ్‌లైట్ బల్బు తీశాడు, రెండు వైర్లు తగిలించి ఉన్నది. ఫ్యూజు తీసేసి, ఆ చోట బల్బు రెండు కొసలూ తగిలించాడు. అప్పుడు కరెంటు అంతా ఆ బల్బు గుండానే పోవాలి కాబట్టి వైరు కాలదు.

1. బండి మీద అసలు హెడ్‌లైట్ల కనెక్షన్లు విప్పెయ్యండి. లైటు స్విచ్చి వెయ్యండి.
2. పరీక్ష బల్బు వెలగకపోతే ఆ దారిలో షార్టు లేదు. నిండుగా వెలిగితే షార్టు ఉంది.
3. బల్బు వెలుగుతుండగా వైరు కట్టని జానెడు జానెడు చొప్పున కదుపుతూ రండి. ఎక్కడ కదిపితే బల్బు ఆరుతుందో అక్కడే వైరు తగులుతోంది.
4. అలా దొరక్కపోతే మధ్యలో ఉండే కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పుతూ రండి. ఏది విప్పితే బల్బు ఆరిందో దానికి అవతల ఉంది తప్పు.

మాది బానెట్ అంచు దగ్గర దొరికింది. రేకు రంధ్రంలో ఉండాల్సిన రబ్బరు బుష్ ఎండి రాలిపోయింది. రేకు అంచు వైరుని కోసేసింది. రబ్బరు బుష్ ఐదు రూపాయలు. పలక వెనక ఎలుకల గూడు కూడా దొరికింది, అక్కడ మూడు వైర్లు కొరికేసి ఉన్నాయి.

ఎర్త్ బాగోలేదని చెప్పే ఇంకో గుర్తు కూడా ఇక్కడే చెప్పాడు. ఒక ఇండికేటర్ వేస్తే వేరే లైట్లు కూడా మసకగా వెలుగుతున్నాయా? హారన్ కొడితే హెడ్‌లైట్ తగ్గుతోందా? ఆ లైటు ఎర్త్ ఊడిపోయి, కరెంటు ఇంకో బల్బు గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. బల్బులు మార్చకండి, ఎర్త్ చూడండి.

కొత్త వైరింగు వేసిన తీరు

కాలిన కట్ట ఇక పనికిరాదు. మొత్తం తీసేశాం. తియ్యక ముందు నోటుపుస్తకంలో బొమ్మ గీయించాడు మావయ్య. ఏ రంగు వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రాసి, ప్రతి కొసకీ తెల్ల టేపు ముక్క మీద అంకె వేసి అంటించాం. ఫోనుతో ఫోటోలు కూడా తీశాను. ఇది చెయ్యకుండా వైరు ముట్టుకోవద్దు.

- బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సుకి 6 స్క్వేర్ ఎం.ఎం. వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు. ఫ్యూజుకి ముందున్న వైరుకి కాపలా ఉండదు, అందుకే అంత దగ్గర.
- హెడ్‌లైట్లు రెండూ 55 వాట్లు. మొత్తం 110 వాట్లని 12తో భాగిస్తే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు.
- హారన్‌కి ఒకటి, ఇండికేటర్లూ మీటర్లకీ ఒకటి, పది ఆంపియర్ల ఫ్యూజులు.
- ఇంటికి వాడే వైరు కాకుండా వేడికి, డీజిలుకి తట్టుకునే ఆటో వైరు. మాలాగ సముద్రం పక్కన ఉండేవాళ్ళు బోట్లకి వాడే తగరం పూత వైరు దొరికితే తీసుకోండి. కాస్త ఖరీదెక్కువ, కానీ కిలుం అంత తొందరగా పట్టదు.
- మెలితిప్పి టేపు చుట్టే అతుకులు వద్దు. లగ్గులు ప్లయరుతో కాదు, లగ్గు నొక్కే పనిముట్టుతో నొక్కాలి. పైన వేడికి ముడుచుకునే స్లీవు వెయ్యాలి.
- రేకు దాటే ప్రతిచోటా రబ్బరు బుష్. సైలెన్సరుకి బెత్తెడు దూరం.
- బ్యాటరీ మైనస్ దగ్గర చేత్తో తిప్పే కటాఫ్ స్విచ్చి. సీటులోంచి చెయ్యి అందాలి. మూడు వందల రూపాయలు. ఇది ముందే ఉంటే ఆ రాత్రి రాయి వెతుక్కునేవాణ్ణి కాదు.

వైర్లు, ఫ్యూజు బాక్సు, లగ్గులు, స్విచ్చి అన్నీ కలిపి 2,300 అయింది. పని మేమిద్దరమే, రెండు రోజులు.

నాలుగు రోజులకి దిగిపోయే బ్యాటరీ

అంతా అయ్యాక ఇంకో కథ. నాలుగు రోజులు బండి తియ్యకపోతే సెల్ఫ్ మూలుగుతోంది. ఈసారి బ్యాటరీని తిట్టలేదు, కొలిచాను.

కీ తీసేసి, అన్ని స్విచ్చిలూ ఆపి, బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, పోలుకీ కేబుల్‌కీ మధ్య మీటరు పెట్టాలి. మీటరు పది ఆంపియర్ల రంధ్రంలో ముల్లు ఉండాలి. మీటరు అలా ఉన్నప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది. కంప్యూటర్లు లేని పాత బండిలో దాదాపు సున్నా చూపించాలి. మాది 0.42 ఆంపియరు.

0.42 ని 24 గంటలతో గుణిస్తే రోజుకి పది ఆంపియర్-అవర్లు. మా బ్యాటరీ 60. ఆరు రోజులకి మొత్తం ఖాళీ, నాలుగో రోజుకే సెల్ఫ్ కొట్టే బలం ఉండదు. లెక్క సరిపోయింది.

ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూశాను, అంకె తగ్గలేదు. ఆల్టర్నేటర్ లావు వైరు విప్పగానే సున్నా అయింది. లోపల డయోడు కారుతోంది. విప్పించి డయోడు ప్లేటు మార్పించాను, సరిపోయింది. ఎలా పోయిందంటారా? కొత్త బ్యాటరీ పెట్టాక ముందు బంపరుకి వెల్డింగు చేయించాను, బ్యాటరీ విప్పలేదు. దాని వల్లేనని నా అనుమానం. ట్రాక్టరుకి ఎక్కడ వెల్డింగు పెట్టినా ముందు బ్యాటరీ కేబుళ్ళు, ఆల్టర్నేటర్ వైర్లు విప్పండి. బ్యాటరీ తిరగేసి తగిలించినా డయోడ్లు అప్పటికప్పుడే పోతాయి.

ఛార్జింగు చూడటం కూడా తేలిక. ఇంజను మధ్య స్పీడులో నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.5 దగ్గరే ఉంటే ఛార్జి అవ్వట్లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీ నీళ్ళు మరిగిపోతాయి. ఛార్జి అవ్వకపోతే ముందు బెల్టు, తర్వాత పలక మీది ఎర్ర ఛార్జింగు బల్బు చూడండి. చాలా ఆల్టర్నేటర్లకి మొదటి ప్రాణం ఆ బల్బు గుండానే అందుతుంది. కీ వేస్తే ఆ బల్బు వెలగకపోతే ఆల్టర్నేటరు మేలుకోకపోవచ్చు. పది రూపాయల బల్బు చూడకుండా వేల రూపాయల ఆల్టర్నేటరు మార్చిన వాళ్ళున్నారు. పాత డైనమో బండ్లకి ఈ బల్బు సంగతి వర్తించదు, వాటికి కటౌట్ పెట్టె వేరే ఉంటుంది.

చివరికి ఏమైంది

వైరింగు పూర్తయ్యేసరికి మే నెలాఖరు. తోట రెండెకరాల్లో నవధాన్యాలు చల్లగలిగాం, అనుకున్నదానికి పది రోజులు ఆలస్యంగా. కూరగాయల ఎకరానికి మాత్రం సమయం చాలలేదు, వాన ముందే దిగిపోయింది. ఆ ఎకరం ఈ ఏడు కలుపుతో నన్ను తింటోంది. బ్యాటరీ కొనేముందు ఇరవై నిమిషాలు మీటరు పట్టుకుని ఉంటే ఆ ఎకరం కూడా పచ్చగా ఉండేది.

మన నేలలో ఏ జబ్బు కనిపించినా ముందు మట్టి చూడాలని ప్రకృతి వ్యవసాయంలో నేర్చుకున్నాం. బండి దగ్గరికి వచ్చేసరికి అది మర్చిపోయాను. మావయ్య వెళ్తూ వెళ్తూ అన్నది ఇదే: "పొలంలో మట్టి సూస్తావు గదా, బండికీ ముందు ఎర్త్ సూడు. తరవాత అతుకులు సూడు. మిషను ఆకర్న."

ఈ వారంలో ఒక పని చెయ్యండి. మీ ట్రాక్టరు గానీ, పవర్ టిల్లరు గానీ, డీజిలు మోటారు గానీ, బ్యాటరీ ఉన్నది ఏదైనా సరే, ఫ్యూజు బాక్సు మూత తీసి చూడండి. ఫ్యూజు చోట తీగ గానీ, సిగరెట్టు ప్యాకెట్టు కాగితం గానీ చుట్టి ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. 13 పానా ఒకటి సీటు కింద కట్టి ఉంచండి. ఎర్త్ లగ్గు ఒకసారి విప్పి, రుద్ది, బిగించండి.

మీ బండిలో కొలిచిన అంకెలు రాసి పంపితే మావయ్యని అడిగి చెబుతాను. కొలవకుండా మాత్రం అడగకండి, ఆయన నన్నడిగిందే మిమ్మల్నీ అడుగుతాడు.

సెలవు.